అరవయ్యోసారి వేసిన పడవ

గుంటూరులో రెండు రోజుల నీటిరంగుల వర్క్‌షాప్. మొదటి రోజు భోజనాలయ్యాక డెమో మొదలుపెట్టాను. మా రాజమండ్రి గోదావరి రేవు, తెల్లవారుజాము, మంచులో ఒక పడవ, వెనకాల మసగ్గా హేవలాక్ వంతెన. నలభై నిమిషాల్లో పూర్తయింది. అందరూ చప్పట్లు కొట్టారు, ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారు తప్ప. ఆవిడ పైటచెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏమ్మా, ఈ పడవని పోయినేడు విజయవాడలో కూడా వేశావు కదూ? అప్పుడు వంతెన కుడిచేతివైపు ఉన్నట్టు గుర్తు" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆ రాత్రి లాడ్జి గదిలో ఫోన్‌లో ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ కూర్చున్నాను. మా రాజమండ్రి పడవ కర్నూల్లో ఉంది, ఖమ్మంలో ఉంది, బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనూ ఉంది. లెక్కపెడితే గుంటూరుది అరవయ్యోది.

ఊరూరా తిరుగుతూ నీటిరంగులు వేసి, నేర్పి, దానిమీదే బతుకుదామనుకునేవాళ్ల కోసం ఈ అధ్యాయం. ప్రతి ఊళ్లోనూ ఒకరో ఇద్దరో క్లాసయ్యాక ఆగి, "ఉద్యోగం మానేసి ఇదే చేద్దామనుకుంటున్నాను మేడమ్" అంటారు. డబ్బు చాలదేమోనని వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. కానీ లెక్క తెలిసినవాళ్లకి అది మొదటి రెండేళ్ల బాధ. మూడో ఏట వచ్చే జబ్బు వేరు: నేర్పడానికి వీలైనవే వేస్తూ వేస్తూ, బొమ్మ వేయడం మర్చిపోవడం. ఆ జబ్బు నాకొచ్చింది కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

మా నాన్న కిరాణా కొట్టు నడిపేవారు. సాయంత్రం గల్లాపెట్టె నిండుగా ఉన్నా "ఇవాళ బాగుంది" అని ఎప్పుడూ అనలేదు. నెలాఖరున హోల్‌సేల్ వాళ్ల బాకీ తీర్చాకే ఏమైనా అనేవారు. పదకొండేళ్లు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా నెల జీతం తీసుకున్న నాకు ఆ తెలివి లేదు. వరంగల్‌లో నా మొదటి వర్క్‌షాప్‌కి 14 మంది వచ్చారు, మనిషికి 2,500. చేతిలో 35,000 పడేసరికి నా జీతం గుర్తొచ్చి గర్వపడ్డాను. హాలుకి రోజుకు 5,000 చొప్పున 10,000 పోయింది. పేపరు నేనే కొనిచ్చాను, మనిషికి రెండు ఫుల్ షీట్లు, షీటు 350 లెక్కన 9,800. టీలు, భోజనాలు మనిషికి రోజుకి 150, అంటే 4,200. రైలు, ఆటోలు, లాడ్జి కలిపి 6,500. మొత్తం 30,500. మిగిలింది 4,500. రెండు రోజుల పనికి పరవాలేదనుకోకండి. వెళ్లడానికొక రోజు, రావడానికొక రోజు పట్టింది. నాలుగు రోజులకి పంచితే రోజుకి 1,125. ఆ వారమే మా ఇంటికి సున్నం వేయడానికి వచ్చినాయన నాకన్నా ఎక్కువ తీసుకున్నాడు. ఆయనా రంగులాయనే, నేనూ రంగులావిడనే.

తర్వాత నుంచి పేపరు ఎవరిది వాళ్లే తెచ్చుకునేట్టు మార్చాను. ఏం కొనాలో పది రోజుల ముందే జాబితా పంపుతాను. ఇప్పుడు అదే వరంగల్ లెక్క మళ్లీ వేసి చూడండి. హాలు, ప్రయాణం కలిపి 16,500 ఎంతమంది వచ్చినా తప్పని ఖర్చు. మనిషి మీద రెండు రోజుల తిండి ఖర్చు 300 పోగా 2,200 మిగులుతుంది. ఏడుగురు వస్తే చేతినుంచి పడుతుంది, ఎనిమిదో మనిషి దగ్గర గట్టెక్కుతాం. 14 మంది వస్తే 14,300 మిగులుతుంది, ప్రయాణాలతో కలిపి రోజుకి 3,575. ప్రతి ఊరికీ ఈ "ఎనిమిదో మనిషి" ఎవరో ముందే కనుక్కోండి. కొన్ని ఊళ్లలో ఐదో మనిషి, హైదరాబాద్ లాంటి చోట పన్నెండో మనిషి కావచ్చు. పది రోజుల ముందు ఆ మనిషి డబ్బు కట్టకపోతే వాయిదా వేసేయండి, మొహమాటపడకండి. అలాగని ముప్పై మందిని కూర్చోబెట్టకండి. తడి కాగితం మీద ఏం జరుగుతోందో పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. 16 దాటితే వెనక వరసకి మన వీపు తప్ప ఏమీ కనిపించదు.

సగం ఫీజు పేరు రాయించుకున్నప్పుడే తీసుకోవాలి. ఏదైనా సంస్థ పిలిస్తే టికెట్లు, బస వాళ్లే ముందుగా ఏర్పాటు చేయాలని ఉత్తరంలో రాయించుకోవాలి. ఒకచోట శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, పారితోషికం ఐదు నెలలకి పంపారు. ఆ శాలువా ఇప్పుడు నా బోర్డుకి చుట్టుకునే గుడ్డ. మంచి ఊలు.

తిరిగే చిత్రకారులకి డబ్బు చిక్కు కొత్తది కాదు. థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తాలో దిగారు. ఉత్తరాదంతా తిరిగొచ్చి, వేసిన బొమ్మల్ని కలకత్తాలో లాటరీ పెట్టి ఆ డబ్బుతో 1792లో దక్షిణాదికి బయల్దేరారు. మద్రాసులో మళ్లీ లాటరీ పెట్టారు. ఇంగ్లండు వెళ్లాక చూసినవాటిని అచ్చుబొమ్మలుగా చెక్కి, 'ఓరియంటల్ సీనరీ' పేరుతో 1795 నుంచి 1808 దాకా విడతలుగా 144 వెలువరించారు. ఏడెనిమిదేళ్లు తిరిగినదాన్ని పదమూడేళ్లు అమ్ముకున్నారన్నమాట. తిరుగుడు మీద ఎవరూ బతకరు, తిరిగొచ్చాక దాంతో ఏం చేస్తామన్నదాని మీద బతుకుతాం. నా మటుకు వర్క్‌షాప్ ఫీజు సగం ఆదాయం. తక్కిన సగం చిన్న సైజు అసలు బొమ్మలు, క్యాలెండరు, ఇంట్లో కూర్చుని చెప్పే ఆన్‌లైన్ క్లాసులు.

సామాను సంగతి రెండు ముక్కల్లో. 300 జీఎస్ఎమ్ కాటన్ పేపరు ఫుల్ షీటు 22×30 అంగుళాలుంటుంది, దాదాపు 128 గ్రాములు తూగుతుంది. ఇరవై షీట్లంటే రెండున్నర కిలోలు. వాటిని ఎనిమిదేసి ముక్కలు చేసి తీసుకెళ్లండి, ఫుల్ షీటు వేద్దామన్న ఉబలాటం ఇంటి దగ్గర తీర్చుకోండి. ట్యూబులు మోయొద్దు, రెండు రోజుల ముందే పాలెట్ గుంటల్లో పిండి ఆరనివ్వండి. ఆడవాళ్లకి మాత్రం ఒక మాట ఎక్కువ చెప్పాలి. స్పాట్‌కి వెళ్లగానే అందరూ వెలుగు ఎటుందో చూస్తారు, మీరు బాత్‌రూమ్ ఎటుందో చూసుకున్నాకే స్టూలు వేసుకోండి. నీళ్లు తాగకుండా ఎండలో నాలుగు గంటలు కూర్చుని మంచాన పడ్డదాన్ని చెబుతున్నాను.

వాతావరణం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే తిరిగే టీచరుకి ఇదే అసలు పాఠం. రాజమండ్రిలో డిసెంబరు పొద్దున వేసిన మొదటి వాష్ ఆరాలంటే ఘాటు పైకెళ్లి టీ తాగి, పేపరు చదివి, మళ్లీ దిగాలి. అదే చేత్తో మార్చిలో గండికోట అంచున ఆకాశం మొదలుపెడితే కుంచె కిందికి వచ్చేసరికి పైభాగం ఎండిపోయి గీత పడింది. ఇంటి దగ్గర నేర్చుకున్న కొలతలన్నీ మన ఇంటి గాలికి సరిపోయేవే. పొడి ఊళ్లో కాగితం వెనకవైపు కూడా తడిపి బోర్డుకి అతికించండి, కుంచె రెండు సైజులు పెద్దది తీసుకోండి. తేమ ఊళ్లో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని, ఒకటి ఆరుతుంటే రెండోది వేయండి. ఏ ఊరెళ్లినా నేను మొదట చేసే పని ఒకటే: చిన్న ముక్క తడిపి, వాచీ చూసుకుంటూ, తడి మెరుపు ఎప్పుడు పోతుందో కనిపెట్టడం.

కొత్తవాళ్లకి నేర్పాల్సింది కూడా ముందు అదే. కాగితం నిగనిగ మెరుస్తున్నప్పుడు రంగు వేస్తే పాకుతుంది, పూర్తిగా ఆరాక వేస్తే అంచు నిలబడుతుంది. మెరుపు పోయి మసకబారిన ఆ మధ్య వేళలో చెయ్యి పెడితే, కుంచెలో ఉన్న నీళ్లు సగం ఆరిన రంగుని వెనక్కి నెట్టి కాలీఫ్లవర్ పువ్వులా మచ్చ కడుతుంది. అందరూ ఆ వేళలోనే చెయ్యి పెడతారు. సరిదిద్దుదామన్న ఆత్రం. అందుకే నా క్లాసులో మొదటి గంట బొమ్మ ఉండదు. ఒక రంగు, నీళ్లు, వాలుగా పెట్టిన బోర్డు, అంతే. కుంచె కింద చేరిన నీటి బొట్టుని ఎండకుండా కిందిదాకా దింపమంటాను. "డబ్బు కట్టి వచ్చింది గోడకి రంగు వేయడానికా మేడమ్" అని ఒకాయన అన్నాడు. సాయంత్రానికి ఆయన ఆకాశమే అందరికన్నా బాగా వచ్చింది.

ఇక పడవ దగ్గరికొద్దాం.

డెమో ఎందుకు పాతబడుతుందో ఆలోచించాను. జనం ముందు తప్పు చేయాలంటే భయం. డబ్బు కట్టినవాళ్ల ముందు ఇంకా భయం. కాబట్టి చెయ్యి దానంతటదే వచ్చిన దారి పడుతుంది. మొదటి పదిసార్లు ఆ పడవలో నేను రోజూ చూసే గోదావరి ఉంది. ఇరవయ్యోసారికి మంచు ఎక్కడ పడాలో, పడవ నీడ ఎన్ని గీతలో లెక్క తేలిపోయింది. యాభై దాటాక అది గోదావరి కాదు, మంచి వంట చేసే ఇంట్లో పండగ పులిహోర లాంటిది. రుచిగానే ఉంటుంది, వండినావిడకి వాసన తెలియడం మానేస్తుంది.

మీ పాలెట్‌లో పేన్స్ గ్రే ఉందా? నల్లటి నీలిబూడిద రంగు, మబ్బులకి, నీడలకి వాడతాం. విలియం పేన్ అనే డ్రాయింగ్ మాస్టారి పేరది. 1790లో ప్లిమత్ నుంచి లండన్ వచ్చాడు. కొద్ది కాలంలోనే పెద్దింటి వాళ్లంతా పిల్లలకి బొమ్మలు నేర్పడానికి ఆయన్నే పిలిచేవారు. ఆయన దగ్గర చిట్కాలుండేవి. కుంచె వెంట్రుకల్ని విడదీసి ఒక్క అద్దుతో ఆకుల గుబుర్లు తెప్పించడం, ఎండు కుంచెని ఈడ్చి రాతి గరుకు తేవడం, ఆ బూడిద రంగుతో నీడలన్నీ ముందే పరిచేయడం. త్వరగా నేర్పొచ్చు, శిష్యులకి త్వరగా వస్తాయి. ఊరంతా ఆయనలాగే వేయడం మొదలుపెట్టింది. ఆయన కూడా తనలాగే వేస్తూ ఉండిపోయాడు. ఈలోగా నీటిరంగుల కళ చిత్రకారులు టర్నర్, గిర్టిన్‌ల చేతుల్లో ఎక్కడికో వెళ్లిపోయింది, ఈయన మోజు తగ్గిపోయింది. ఇప్పుడు ఆయన బొమ్మ ఒక్కటైనా చూసినవాళ్లు అరుదు, ట్యూబు మాత్రం అందరి సంచిలోనూ ఉంది. గుంటూరు నుంచి వచ్చాక ఆ ట్యూబు మూత తిప్పుతున్నప్పుడల్లా నాకు ఒంట్లో కాస్త చలి పుడుతుంది.

డేవిడ్ కాక్స్ కూడా డ్రాయింగ్ మాస్టారే. 1814లో హెరిఫర్డ్‌లో ఆడపిల్లల స్కూల్లో పాఠాలు చెప్పడానికి చేరి, తర్వాత లండన్‌లోనూ చాలా ఏళ్లు ప్రైవేటు పాఠాలతోనే సంసారం నెట్టుకొచ్చాడు. నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకాలు రాశాడు. అయితే ఈయన కుదురుగా ఉండలేదు. 1836లో పొట్లాలు కట్టే గరుకు కాగితం ఒకటి దొరికితే దానిమీద వేసి చూశాడు. అందులో నలుసులుండేవి. ఆకాశంలో నలుసు పడ్డచోట రెక్కలు పెట్టి పిట్టని చేసేసేవాడని చెబుతారు. యాభై ఏడేళ్లు మీద పడ్డాక, తనకన్నా దాదాపు ముప్పై ఏళ్లు చిన్నవాడైన విలియం ముల్లర్ దగ్గర కూర్చుని తైలవర్ణాలు నేర్చుకున్నాడు. 1841లో పాఠాలు కట్టిపెట్టి బర్మింగ్‌హామ్ పక్కన హార్బోర్న్‌లో ఇల్లు తీసుకున్నాడు. 1844 నుంచి ఏటా వేల్స్‌లో బెట్వస్-ఇ-కోయిడ్ అనే పల్లెకి బొమ్మలేయడానికి వెళ్లేవాడు. ఆయన పేరు నిలబెట్టిన బొమ్మల్లో చాలా ఆ ముసలితనంలోవే.

మా ఊళ్లోనూ అలాంటి మాస్టారు ఒకాయన ఉండేవారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే. చెప్పేది ఇంగ్లిషు సాహిత్యం, తనకోసం నీటిరంగులు వేసుకునేవారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో కుంచె పట్టినవాళ్లే. రామారావు బొంబాయి వెళ్లి చదివొచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి చిన్నప్పుడు మా నాన్న తీసుకెళ్లేవారు, కొట్టు సెలవు రోజుల్లో. అక్కడి బొమ్మలకన్నా నాకు గుర్తున్నది మా నాన్న వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని, బాకీ ఉన్నవాడిలా నిలబడటం.

సరే, నేనేం చేశానో చెబుతాను. మీకు అచ్చంగా పనికొస్తుందని కాదు, మార్చుకుని వాడుకోవచ్చు.

ఏ ఊరెళ్లినా పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా నాది. శిష్యులెవరినీ రానివ్వను. నిర్వాహకులు "మేమూ వస్తాం మేడమ్, చూస్తాం" అంటారు, నవ్వి ఎనిమిదింటికి రమ్మంటాను. మొదట్లో పొగరనుకున్నారు, అలవాటైపోయింది. ఆ గంటన్నరలో వేసినది ఒక బౌండు పుస్తకంలో ఉంటుంది. దాన్ని ఎవరికీ చూపించను, ఫొటో తీసి ఎక్కడా పెట్టను. చూపిస్తానని తెలిస్తే చెయ్యి మళ్లీ పడవ దారే పడుతుంది, నాకు తెలుసు. అందులో సగం పేజీలు చెత్త. మీరు నమ్మరు గానీ, ఆ చెత్త చూసుకుంటుంటే ప్రాణం లేచొస్తుంది.

టైము చాలనప్పుడు ఎడ్వర్డ్ లియర్ పద్ధతి వాడతాను. పిల్లలకి తమాషా పద్యాలు రాసినాయనే, విక్టోరియా రాణికి కొన్ని పాఠాలు కూడా చెప్పాడు. 1873 చివరి నుంచి 1875 మొదటి దాకా ఇండియా తిరిగాడు. ఎక్కడికెళ్లినా పెన్సిలుతో గబగబా గీసి, ఏ రంగు ఎక్కడుందో కాగితం మీదే మాటల్లో రాసి, తేదీ, సమయం, నంబరు వేసుకునేవాడు. తర్వాత తీరిగ్గా సిరాతో దిద్ది రంగులద్దేవాడు. నేను తెలుగులో రాసుకుంటాను. కంపెనీ పేర్లు రాస్తే ట్యూబు గుర్తొస్తుంది తప్ప రంగు గుర్తురాదు. "గోడ అడుగున పచ్చిమామిడి చెక్కు", "నీడలో చింతపండు పులుసు", "దూరపు కొండ, ఉతికి ఉతికి వెలిసిన నాన్న లుంగీ". ఇలా రాసిపెట్టినవి మూడు నెలల తర్వాత తీసినా ఆ పొద్దు అలాగే ఉంటుంది.

డెమో విషయంలో కొత్త నియమం పెట్టుకున్నాను. మొదటి రోజు పాతది వేస్తాను. పడవే కావచ్చు, సిగ్గుపడను. వచ్చినవాళ్లు దాన్ని మొదటిసారి చూస్తున్నారు, నేర్పాల్సినవన్నీ అందులో ఉన్నాయి. కానీ ఏదైనా ఐదు ఊళ్లు తిరిగితే ఆరు నెలలు పెట్టెలో పెడతాను. రెండో రోజుది ఆ ఊరిదే అయి ఉండాలి, అంతకుముందు నేనెప్పుడూ వేయనిదై ఉండాలి. మొదలుపెట్టే ముందే "ఇది నాకూ మొదటిసారే" అని చెబుతాను. ఆ మాట పైకి అనడం అలవాటవడానికి నాకు ఏడాది పట్టింది. ఫీజు ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని గొంతు పట్టేసేది. ఏమీ అనుకోలేదు. పైగా కుర్చీలు ముందుకు లాక్కున్నారు.

పోయిన జనవరిలో భీమిలి వర్క్‌షాప్. రెండో రోజు పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాం. గుంటూరు హెడ్‌మిస్ట్రెస్ గారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు, ఇప్పుడు ఆవిడ ఏడాదికి రెండుసార్లు ఎక్కడో ఒకచోట తేలతారు. దారి పక్కన స్టూళ్లు వేసుకున్నాం. సముద్రం గాలిలో తేమ ఎంతుందో ముక్క తడిపి చూడకుండానే తొందరపడి మొదలుపెట్టాను, మీకు చెప్పే నియమాలు నేనే తప్పుతుంటాను. ఆకాశం ఆరిందనుకుని దిబ్బ అంచు దించాను. ఆరలేదు. ఎరుపు పైకి పాకి మబ్బుల్లోకి ఎక్కేసింది. అందరూ చూస్తూనే ఉన్నారు. మనవరాలు "అయ్యో" అంది.

"పడవయితే ఇలా అయ్యేది కాదు" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు, నా వైపు చూడకుండా, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ.

టేపు పీకి, కాగితం వెనక్కి తిప్పి, మళ్లీ అంటించాను. ఎండ ఇంకో గంట ఇలాగే ఉంటుంది. ఈసారి చిన్న ముక్క ఒకటి తడిపి మనవరాలి చేతికిచ్చి, మెరుపు పోగానే చెప్పమన్నాను.